పేర్ల వరుస

మా అవ్వకీ మా అమ్మకీ ఉప్పూ నిప్పూ. అమ్మ రొట్టె కాలిస్తే మాడిందనేది అవ్వ, మాడకపోతే పచ్చిగా ఉందనేది. అమ్మ తక్కువ తిందా, "మాడింది నీకు పెట్టాను అత్తా, పళ్ళు లేనోళ్ళకి అదే మేలంట" అనేది. లార్సా పట్నంలో మా వీధి వీధంతా ఆ గొడవతోనే నిద్ర లేచేది. అట్లాంటి అవ్వ ఆ యేడు దుముజీ నెల ఇంక నాలుగు రోజులుందనగా, కాలవ గట్లు పగిలిపోయేంత ఎండల్లో, ఖర్జూరం నోట్లో పెట్టుకుని గింజ ఊయకుండానే ప్రాణం వదిలేసింది. నాకప్పుడు పదకొండేళ్ళు. నా పేరు లమస్సి. తమ్ముడు ఇలుని నాకంటే బాగా చిన్నవాడు, అవ్వ పక్కన తప్ప పడుకునేవాడు కాదు.

మా ఊళ్ళో పోయినవాళ్ళని ఇంట్లోనే ఉంచుకుంటాం. నడిమింటి గచ్చు కింద ఇటుక గది ఉంటుంది, అందులో పెడతాం. గచ్చులోంచి ఆ గదిలోకి ఒక మట్టి గొట్టం దిగి ఉంటుంది. చంద్రుడు కనబడని రోజున ఇంటి కోడలు ఆ గొట్టంలో చల్లటి నీళ్ళు పోస్తూ పెద్దల పేర్లు వరసగా పిలుస్తుంది. పేరు పిలిస్తేనే నీళ్ళు చేరతాయి. పేరు లేని దయ్యానికి దుమ్మే గతి. అంతకంటే పెద్ద శాపం మావాళ్ళకి ఇంకోటి లేదు.

నాన్న రెల్లు చాపలు అల్లేవాడు. అవ్వని కొత్త చాపలో చుట్టి, ఆమె పేరు చెక్కిన రాతి ముద్ర మెడలో కట్టి, గది తెరిచి దింపాడు. తర్వాత మగవాళ్ళంతా తారు కాచడానికి పెరట్లోకి వెళ్ళారు. ఆడవాళ్ళు ముంగిట్లో గుండెలు బాదుకుంటున్నారు. నడిమింట్లో నేనూ ఇలునీ తప్ప ఎవరూ లేరు.

"అవ్వ కదురు మర్చిపోయారక్కా" అన్నాడు వాడు, చేతిలో కదురు పట్టుకుని.

నేను వద్దనేలోపే మెట్ల మీద జారి గదిలో దూరాడు. నేనూ దూరాను. కదురు ఇచ్చి వస్తాడనుకుంటే, అవ్వ చాప పట్టుకుని నక్కి కూర్చున్నాడు. రానంటే రానన్నాడు. నేను కాలు పట్టి లాగుతుంటే జాడీలు పట్టుకున్నాడు. మేమట్లా గుంజులాడుకుంటుండగానే పైన వెలుతురు పోయింది. గుమ్మానికి రాయి అడ్డం పెట్టారు. రాయి మీద ఇటుకలు, ఇటుకల మీద కాగే తారు.

అరిచాను. గొంతు పోయేలా అరిచాను. వీధి ఆడవాళ్ళంతా ఒక్కసారి ఏడుస్తున్నప్పుడు నా అరుపు ఎవరికి వినబడుతుంది?

*

గొట్టం చివర కందిగింజంత వెలుగు కనిపించేది. ఇద్దరం దాని కిందే తల పైకెత్తి కూర్చున్నాం. ఇల్లంతా మాకు అందులోంచే వినిపించేది. మేము లేమని గమనించడం, అమ్మ వీధిలోకి పరుగెత్తడం, కాలవ గట్టున ఇలుని చెప్పులు దొరకడం, అన్నీ. ఆ చెప్పులు వాడు ముందురోజు ఈతకి పోయి అక్కడే మర్చిపోయి వచ్చాడు. ఇంట్లో తిడతారని నేనూ చెప్పలేదు.

"మునిగిపోయుంటారు. అవ్వ పోయిన దిగులుతో నీళ్ళలోకి దిగుంటారు" అంది పక్కింటావిడ.

"నా పిల్లలకి ఈత వచ్చు" అంది అమ్మ. "ఎవరో పడవలో ఎక్కించుకున్నారు. వస్తారు. నా ముందర ఆ మాట ఇంకెవరైనా అన్నారో, చూడండి."

ఆ మాట వినగానే నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. వీధి ఏడుపులు సద్దుమణిగాక, అమ్మ నడిమింట్లోకి వచ్చిన అలికిడి విని ఇద్దరం గొట్టానికి నోళ్ళు పెట్టి పిలిచాం.

"అమ్మా, మేమమ్మా. ఇక్కడున్నాం. కిందున్నాం."

పైన కుండ పగిలిన చప్పుడయింది. అమ్మ గచ్చు మీద కూలబడింది. కాసేపటికి ఆమె నోట్లోంచి వచ్చిన గొంతు నేనంతకుముందు ఎప్పుడూ వినలేదు.

"పోయారు. నా బిడ్డలు పోయారు. కిందినుంచి పిలుస్తున్నారు."

అప్పటికి గాని నాకు అర్థం కాలేదు, మేమెంత పని చేశామో. ఆ గొట్టంలోంచి బతికున్నవాళ్ళు మాట్లాడటం ఈ భూమ్మీద ఎవరూ ఎరగరు. అందులోంచి గొంతు వచ్చిందంటే అది చచ్చినవాళ్ళదే. నేను "అమ్మా, బతికే ఉన్నాం" అంటే, "పాపం, పోయామని కూడా తెలీదు పిచ్చిదానికి" అని ఇంకా ఏడ్చింది. ఎంత అరిస్తే అంత గట్టిగా మమ్మల్ని చంపుకుంటున్నాం. గది తెరిచి చూద్దామనే ఊహ కూడా ఎవరికీ రాదు. ఇంట్లో చావు లేకుండా గది తెరిస్తే కింది వాళ్ళంతా పైకొచ్చి బతికున్నవాళ్ళని తింటారని మా భయం.

నాన్న భూతవైద్యుడు గిమిల్లుని పిలుచుకొచ్చాడు. ఆయన గొట్టం చుట్టూ, మా మీద కూడా రాలేంతగా, పిండి చల్లి, ఏదో గొణిగి, తీర్పు చెప్పాడు.

"దాహంతో అరుస్తున్నారు. చంద్రుడు కనబడని రోజు దగ్గర్లోనే ఉంది. ఆ రోజు పెద్దల పేర్ల తర్వాత ఈ పిల్లల పేర్లు పిలిచి నీళ్ళు పొయ్యండి. కుదుటపడతారు."

"నేను పొయ్యను. పోస్తే ఒప్పుకున్నట్టేగా" అంది అమ్మ.

"అమ్మా, నీ బిడ్డలు నీళ్ళకి ఏడుస్తుంటే నువ్వు పట్టు పడతావా?"

అమ్మ ముక్కు చీదిన చప్పుడయింది. తర్వాత "సరే, పోస్తాను" అంది. గిమిల్లు అప్పటిదాకా గోల వినబడకుండా రెల్లు కుక్కి గొట్టం మూసేశాడు. కందిగింజంత వెలుగు కూడా పోయింది.

*

"ఏందే ఈ గోల? చచ్చినా పడుకోనివ్వరా?"

అవ్వ చాపలోంచి లేచి కూర్చుంది. చాపలో అవ్వ అట్లాగే ఉంది, కూర్చున్న అవ్వ వేరేగా ఉంది. ఇలుని కెవ్వుమంటాడనుకున్నాను. వాడు పోయి ఒళ్ళో తల పెట్టుకుని "నీ కదురు తెచ్చా" అన్నాడు.

"దీనికోసమా వచ్చావురా నా తండ్రీ" అని అవ్వ వాణ్ణి ఒక్కటి వేసి, ఆ చేత్తోనే దగ్గరికి తీసుకుంది. చెయ్యి వాడి వీపులోంచి కొంచెం లోపలికి పోయింది.

అప్పుడే వెనక గోడ పక్కకి జరిగింది. చేతులకి పక్షిగోళ్ళున్న ఒక పెద్దమనిషి ఆవులిస్తూ వచ్చాడు. కింది లోకపు గుమ్మాలు కాసే బిదు. మమ్మల్ని చూసి ఆవులింత సగంలో ఆపేశాడు.

"ఒక్కరే అన్నారు. ముగ్గురేంది?"

"ఇద్దరు ఊపిరి పీలుస్తున్నారు, కనబడటంలా?" అంది అవ్వ. "తలుపు తీసి పంపించు."

"పై తలుపు వేసింది పైవాళ్ళు. తీస్తే వాళ్ళే తియ్యాలి. నా చేతిలో కింది తలుపులే ఉన్నాయి." అని మా వంక చూశాడు. "పైన పేరు పిలిచి నీళ్ళు పోసేదాకా వీళ్ళు మావాళ్ళు కారు. పోసిన మరుక్షణం మావాళ్ళే. అంతవరకు ఇక్కడే కూర్చోండి. ఆకలి వెయ్యదులే."

నిజంగానే ఆకలి వెయ్యడం లేదు. ఆ మాట అనేవరకు నాకది తట్టనే లేదు. అప్పుడు భయపడ్డాను నేను, మొదటిసారి.

బిదు అవ్వని తీసుకుపోతుంటే ఇలుని ఊరుకుంటాడా, ఆమె కొంగు పట్టుకుని చీకట్లోకి నడిచాడు. నేనూ వాడి వెనకే నడిచాను. దారి కిందికి దిగుతూ పోయింది. ఏడు గుమ్మాలు. ఒక్కో గుమ్మం దగ్గర ఒక్కోటి తీసి ఇవ్వాలట. అవ్వ ముద్ర, ముక్కెర, శాలువా ఇచ్చుకుంటూ పోయింది. ఇలుని చిన్నవాడు, తలుపు రెక్కల సందుల్లోంచి దూరి ముందుకు పోయాడు. వాణ్ణి పట్టుకోవాలని నేను చెవిపోగులూ గాజులూ ఒక్కోటిగా ఇచ్చాను, గవ్వల దండ ఇచ్చాను, జడకి కట్టిన దారం ఇచ్చాను. ఆఖరి గుమ్మం దగ్గరికొచ్చేసరికి ఒంటి మీద బట్ట తప్ప ఏమీ మిగల్లేదు. తల గీరుకుంటుంటే ఒక పేను దొరికింది. బిదుకి ఇచ్చాను. ప్రాణమున్నది చూసి ఎన్నాళ్ళయిందో, అరచేతిలో పెట్టుకుని మురిసిపోయాడు.

లోపల అందరూ పక్షుల్లాగా ఒళ్ళంతా ఈకలతో, వరసలు వరసలుగా కూర్చుని ఉన్నారు. అందరూ పైకే చూస్తున్నారు. పైనుంచి ఎప్పుడైనా ఒక చుక్క రాలితే, ఎవరి పేరు మీద రాలిందో వాళ్ళు నోరు తెరిచి తాగుతున్నారు. గోడవార కొందరున్నారు. వాళ్ళు పైకి చూడటం లేదు. నేల మీది దుమ్ము వేలితో అద్దుకుని నాకుతున్నారు. "వాళ్ళెవరు?" అని అడిగాను. "పేరు పోయినవాళ్ళు" అన్నాడు బిదు.

ఇలుని ఒక ముసలాయన ఒళ్ళో ఉన్నాడు. నేను పుట్టకముందే పోయిన మా తాత.

"ముక్కు చూడగానే పట్టేశా, మా ఇంటి ముక్కే" అంటూ తాత వాడికి బూడిద రంగు రొట్టె విరిచి ఇస్తున్నాడు. ఆ రొట్టె ఒక్క ముక్క దిగితే ఇక తిరుగు లేదని కథల్లో వినని పిల్ల ఉండదు. పరుగున పోయి వాడి చేతి మీద కొట్టాను. రొట్టె దుమ్మయి రాలిపోయింది. తాత మొహం చిన్నబోయింది.

"ప్రేమతో పెట్టానమ్మా. ఇక్కడ పెట్టడానికి ఇంకేముంది?"

"పైన నా పెనిమిటి ప్రేమ, ఇక్కడ నా కోడలి ప్రేమ. ఇద్దరూ కలిసి పిల్లల్ని మింగేట్టున్నారు" అంది అవ్వ, రొప్పుకుంటూ వచ్చి. పైన, కింద అన్నది కూడా అప్పటికే తారుమారైపోయింది ఆమెకి.

ఆమె బిదు వైపు తిరిగింది.

"పేర్లు వరసగానే పిలుస్తారు కదా. నా తర్వాతే కదా వీళ్ళు."

"అంతే."

"నా పేరు దొరక్కపోతే?"

బిదు గోళ్ళతో గడ్డం గీరుకున్నాడు. "దొరక్కపోవడమేంది? కొత్తగా వచ్చావు, అందరి నోళ్ళలో ఉంటుంది."

"నేను నీకిచ్చేస్తే ఉండదుగా. నా కొడుకు సంగతి నీకు తెలీదు. ఒక్క రెల్లు పక్కకి పోయిందంటే చాపంతా విప్పే రకం. అమ్మ పేరు గుర్తురాకపోతే గచ్చు తవ్వుతాడు."

"తవ్వకపోతే?"

"నా కొడుకు, నాకు తెలీదా?"

"ఇస్తే తిరిగి రాదు. రాతి మీద ఉన్నది కూడా పోతుంది." బిదు గోడవారకి తల ఊపాడు. "అక్కడ కూర్చోవాలి నువ్వు."

అవ్వ అటు చూసింది. కాస్త ఎక్కువసేపే చూసింది. తాత ఆమె చెయ్యి పట్టుకోబోయాడు, ఆమె విడిపించుకుంది.

"కూర్చుంటాలే. ఇంటి దగ్గర మాత్రం పట్టుపరుపుల మీద కూర్చున్నానా?"

బిదు చెవి పట్టుకుని కిందికి వంచి అందులో ఏదో చెప్పింది. అతను గుప్పిట మూశాడు. అంతే. నేనేమో ఇలుని ఎక్కడికి పారిపోతాడోనని వాడి మొలతాడు పట్టుకుని నిలబడ్డాను. అవ్వ మా ఇద్దరి తలలూ నిమిరింది.

"ఇక పోండి. వెనక్కి చూడొద్దని ఎవరూ చెప్పలా, చూసుకుంటూనే పోండి."

చూసుకుంటూనే పోయాం. గుమ్మాల దగ్గర ఎవరివి వాళ్ళకి తిరిగిచ్చారు. పేను మాత్రం ఇవ్వలేదు.

*

గదిలో చాప పక్కన ఎంతసేపు కూర్చున్నామో చెప్పలేను. గొట్టంలోంచి రెల్లు ఊడబెరికిన చప్పుడయింది. ఇలుని నోరు తెరిచాడు. చేత్తో గట్టిగా మూసేశాను. వాడు కరిచాడు, అయినా తియ్యలేదు.

"అవిలియా, నీళ్ళు తాగు" అంది అమ్మ గొంతు. నీళ్ళు గొట్టంలోంచి జారి, నేల తాకకుండానే మాయమయ్యాయి. "నుతుప్తుం, నీళ్ళు తాగు. ఇప్కూషా, నీళ్ళు తాగు." అది తాత పేరు. ఆ తర్వాత అవ్వ. ఆ తర్వాత మేము.

నీళ్ళు ఆగిపోయాయి.

"ఏం ఆగావు? అమ్మని పిలువు" అన్నాడు నాన్న.

"పేరు... నువ్వు చెప్పు."

"నేను చెప్పేదేంది? ఇన్నేళ్ళు ఒక పొయ్యి దగ్గర ఉన్నారు ఇద్దరూ."

"అత్తా అన్నానే గాని పేరు పెట్టి పిలిచానా? నీ తల్లేగా, చెప్పు."

నాన్నకీ రాలేదు. వీధివాళ్ళని అడిగాడు. గుసగుసలు వినిపించాయి, పేరు వినిపించలేదు. నేనూ తలచుకుందామని చూశాను. నాకూ రాలేదు. అప్పుడు తెలిసింది నాకు, ఆమె ఇచ్చింది ఏమిటో.

"ఫర్వాలేదు, పొద్దు పోతోంది" అన్నాడు గిమిల్లు. "ముసలామెని తర్వాత చూసుకోవచ్చు. పిల్లల పేర్లు కానివ్వమ్మా."

కుండ గచ్చు మీద కదిలింది. ఇలుని ముక్కుతో గట్టిగా ఊపిరి పీలుస్తున్నాడు.

"ఆమెని దాటేసి పొయ్యమంటావా?" అంది అమ్మ. "బతికున్నన్నాళ్ళూ ముందు తనకి పెట్టకుండా ఇంకొకరికి పెట్టనిచ్చిందా ఆమె? వరస తప్పితే నా పిల్లల నోటికాడ నీళ్ళు లాక్కుంటుంది. నేను పొయ్యను. ముందు ఆమె పేరు తెండి."

"మెడలో ముద్ర ఉంది" అన్నాడు నాన్న. "పేరు దాని మీదుంది."

"గది తెరుస్తావా? చావు లేకుండానా? మతి పోయిందా నీకు?" గిమిల్లు గొంతు కీచుమంది.

"కన్నతల్లి పేరు తెలియని కొడుకుని, నాకిక ఏమొస్తే ఏమిటయ్యా?" అన్నాడు నాన్న. గునపం దెబ్బ తారు మీద పడింది.

వెలుతురు పడగానే నాకు కడుపులో మండిపోయేంత ఆకలేసింది. వీధి జనం కేకలు పెట్టి పారిపోయారు. నాన్న గునపం వదిలేసి అట్లాగే నిలబడిపోయాడు. గిమిల్లు మా మీద పిండి చల్లుతూనే ఉన్నాడు. ఇలుని మెట్లెక్కి, పిండి తుడుచుకుని, "అమ్మా, ఆకలేస్తోంది" అన్నాడు. అమ్మ వాడి వీపు మీద ఫెడీమని ఒక్కటి వేసింది. చెయ్యికి వీపు తగిలింది. అప్పుడు మా ఇద్దర్నీ పట్టుకుని ఆమె ఏడ్చిన ఏడుపు ముందు అవ్వ కోసం వీధంతా ఏడ్చింది ఏ మూలకీ చాలదు.

ముద్ర తీసి చూశారు. రాయి అద్దంలాగా నున్నగా ఉంది.

*

జరిగిందంతా చెప్పాను. నాన్న నమ్మాడో లేదో, ఆ దుముజీ నెలంతా ఊళ్ళు పట్టుకు తిరిగాడు. అవ్వ పుట్టిన ఊరికి పోయాడు, ఆమెతో ఆడుకున్న ముసలివాళ్ళని పట్టుకున్నాడు. ఆమె ఎట్లా నవ్వేదో చెప్పారు, ఎవరి పళ్ళు రాలగొట్టిందో చెప్పారు. పేరు దగ్గరికొచ్చేసరికి అందరూ నోరు తెరుచుకుని ఉండిపోయారు.

అబు నెల వచ్చింది. పోయినవాళ్ళు పైకి చూసే నెల. పట్టపగలే ప్రతి ఇంట్లో కుంపట్లు వెలిగించి పేర్లు పిలుస్తున్నారు. అమ్మ గొట్టం దగ్గర కూర్చుని తాత దాకా పిలిచింది. తర్వాత కుండ ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది. ఎన్ని పేర్లు పెట్టి చూసిందో అప్పటికి. మాకు తెలిసిన ఆడపేర్లన్నీ అయిపోయాయి. ఏ పేరుతో పోసినా నీళ్ళు గొట్టం అడుగునే నిలిచిపోయేవి.

ఉన్నట్టుండి అమ్మ గొట్టంలోకి వంగింది.

"ఏమే ముసలీ," అంది. నాన్న ఉలిక్కిపడ్డాడు. బతికుండగా ఆమె ఎన్నడూ అంతమాట అనలేదు. "నా పొయ్యి వంకర అన్నావు. నా బిడ్డలకి చన్నీళ్ళ స్నానం చేయించి నేనే చంపుతున్నానన్నావు. నేను కాలు పెట్టాకే ఈ ఇంటి ఖర్జూరం చెట్టు కాపు ఆగిందన్నావు. అంతా అనేసి ఇప్పుడు పేరు కూడా చెప్పకుండా పోయి కూర్చుంటావా? పలుకు. ఒక్క మాటకి రెండు మాటలు అనేదానివి, ఇప్పుడేమైంది నోటికి? నువ్వు అనకుండా నేను పడి ఉండలేను. నా వల్ల కాదు అత్తా."

కుండ వంచింది. నీళ్ళు గొట్టంలో దిగాయి. ఇలుని బోర్లా పడుకుని గొట్టానికి చెవి ఆనించాడు.

"తిడుతోంది" అన్నాడు.

అమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఏమని?"

"ఇంతసేపా నీళ్ళు తేవడానికి అంటోంది."

నేను వాణ్ణి తోసి చెవి పెట్టాను. నాకేమీ వినబడలేదు. అమ్మ నా మొహంలోకే చూస్తోంది.

"నీకూ వినబడిందా?"

"వినబడింది" అన్నాను.

"చూశావా, పోయినా ఆ నోరు పోలేదు" అంది అమ్మ. కళ్ళు తుడుచుకుని, తిట్టుకుంటూ, ఇంకో కుండ తేవడానికి లేచింది.